ఎడమ కన్ను ఎవరికి?

గది తాళం తీసి ఇచ్చింది గానీ పెద్దావిడ గడప దాటి లోపలికి రాలేదు. భర్త పోయి ఆరు రోజులైంది. నిన్న సాయంత్రం కోడల్ని పోలీసులు పట్టుకుపోయారు. ఈ రెండిట్లో దేనికి ఏడవాలో తెలియక ఆవిడ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నా నోరు పడిపోయినా బాగుండేది టీచరమ్మా," అంది. "వాళ్ళు అడిగితే చూసింది చూసినట్టు చెప్పేశాను. అది గ్లాసుతో నీళ్ళు తెస్తే ఆయన 'తీసెయ్, నా దగ్గరికి తేవద్దు' అని కేక పెట్టి తోసేశారని చెప్పాను. నిజమే కదమ్మా చెప్పాను? ఆ నిజమే పిల్లని జైల్లో పెడుతోంది. ఇవాళ నాలుగింటికి కోర్టుకి తీసుకెళ్తారట."

టీచరమ్మ గడియారం చూసుకుంది. తొమ్మిదిన్నర. ఆరున్నర గంటలుంది చేతిలో.

ఆవిడకి ఓ అసలు పేరుంది గానీ ఆ ఊళ్ళో అది ఎవరికీ గుర్తు లేదు. ఇరవై రెండేళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పింది. స్కూలు ల్యాబులో పోయిన మైక్రోస్కోపుని ఎవరు కాజేశారో కనిపెట్టడంతో మొదలైన పిచ్చి ముదిరి ముదిరి, ఉద్యోగం మానేసి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకునేదాకా వచ్చింది. బోర్డు మారినా పిలుపు మారలేదు.

"గదిలో ఏదీ కదపలేదుగా?"

"మందు సీసాలు, ఆ గ్లాసు పోలీసులు పట్టుకెళ్ళారు. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దిండు గలీబు ఉతుకుదామని చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. ఆయన వాసన పోతుందని..."

పెద్దాయన నలభై ఆరేళ్ళు గడియారాలు బాగుచేశాడు. కుడికంటికి భూతద్దం తగిలించుకున్నాడంటే ఇల్లు కూలినా తల ఎత్తేవాడు కాదట. రెండేళ్ళ కిందట ఆ కుడికన్నే తెల్లబడింది. నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా, పాలు పోసినట్టు అయిపోయింది. ఎవరైనా చనిపోయినవాళ్ళ కార్నియా దొరికితే అతికిస్తామన్నారు డాక్టర్లు. దొరికింది. ఇవాళ్టికి సరిగ్గా ముప్పై ఆరు రోజుల కిందట అతికించారు. ఇరవై ఏడు రోజులు పెద్దాయన లోకాన్ని మళ్ళీ రెండు కళ్ళతో చూశాడు. ఆ తర్వాత మూడు రోజుల్లో పోయాడు.

కిటికీ పక్కన బల్ల మీద ఎవరిదో చేతి గడియారం విప్పి పెట్టి ఉంది. చీమతలంత మరలు నాలుగు ఓ డబ్బా మూతలో జాగ్రత్తగా వేసి ఉన్నాయి. టీచరమ్మ వాటిని చూసి కాసేపు అక్కడే ఆగిపోయింది. చూపు వచ్చాక ఆయన ముట్టుకున్న మొదటి పని, ఆఖరి పని కూడా అదే.

చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. దిండు గలీబు మీద పెద్ద పెద్ద మరకలు, ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. మంచం పక్కన బకెట్టు నిండా తువాళ్ళు. అవీ అలాగే బిర్రబిగిసిపోయి ఉన్నాయి.

"ఇవన్నీ దేనితో తడిశాయమ్మా?"

"ఉమ్ముతో. నోట్లోంచి కారుతూనే ఉండేది. మింగలేకపోయేవారు. గంటకో తువాలు మార్చేది కోడలు."

"మరి ఈ ఫ్యాను గోడవైపు ఎందుకు తిరిగుంది? కిటికీ సందుల్లో ఈ గుడ్డలేమిటి?"

"ఆయనే పెట్టమన్నారమ్మా. గాలి తగిలితే గొంతు పట్టేస్తోందన్నారు. ఇంత ఉక్కలో ఇదేం చాదస్తం అని నేనే విసుక్కున్నాను." పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చివరి రోజుల్లో ఆయన్ని విసుక్కున్నాను టీచరమ్మా."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆ నడక ఎవరిదో టీచరమ్మకి తల తిప్పకుండానే తెలుసు. అతను ఆవిడ క్లాసులో నాలుగో బెంచీ చివర కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండే రోజుల నుంచీ తెలుసు.

"వచ్చేశారా టీచర్ గారూ!" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచే. "నా కేసులో మీ చెయ్యి ఇంకా పడలేదేమిటా అనుకుంటున్నాను."

"గదికి సీలు వెయ్యాలని నీకు తోచలేదు, నేనొచ్చాను. అప్పుడూ అంతేగా నువ్వు, రికార్డు పుస్తకం తెచ్చేవాడివి, బొమ్మలు వేసేవాడివి కాదు."

వెనకాల కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని కిందికి పంపేశాడు. తర్వాత గొంతు మార్చి, చెప్పాల్సిందంతా గడగడా చెప్పేశాడు.

"చూడండి మేడమ్, ఇందులో తేల్చడానికేమీ లేదు. ఆపరేషన్ అయ్యాక కంట్లో వెయ్యడానికి అట్రోపిన్ చుక్కలు ఇచ్చారు. ఉమ్మెత్త గింజల్లో ఉండే విషమే అది. నెల రావాల్సిన సీసా అయిదు రోజుల్లో ఖాళీ. చుక్కలు వేసేది కోడలే, నీళ్ళు పట్టేదీ కోడలే. జ్వరం, పిచ్చి మాటలు, మింగుడు పడకపోవడం, అన్నీ ఆ విషానికి సరిపోతాయి. ముసలాయన పసిగట్టి గ్లాసు తోసేశాడు. బలవంతాన పట్టించబోతే చెయ్యి కొరికాడు. మణికట్టు మీద పళ్ళ గాట్లున్నాయి, ఫొటోలు కూడా తీయించాను. కిటికీలు మూసి, ఫ్యాను తిప్పేసి ఊపిరాడకుండా చేసింది. ఇల్లు ఆయన పేరు మీదుంది. ఇంకేం కావాలి?"

తువాళ్ళ మీద వంగిన టీచరమ్మ చటుక్కున లేచింది.

"కొరికాడా? ఎప్పుడు?"

"చనిపోవడానికి ముందురోజు పొద్దున."

"అంటే ఏడు రోజులు." ఆవిడ మొహంలో రంగు మారింది. "పెద్దాయన పోయిన నర్సింగ్ హోమ్ చీటీ నీ ఫైల్లో ఉందిగా, కంటిపాపల గురించి ఏం రాశారో చదువు."

ఇన్‌స్పెక్టర్ కాగితాలు తిప్పాడు. "కుడి కంటిపాప బాగా పెద్దదై ఉంది. ఎడమది మామూలుగానే ఉంది."

"కడుపులోకి పోయిన విషం ఒక కంటిని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తుందా నాయనా? తాగి ఉంటే రెండూ పెద్దవవ్వాలి. కుడికంట్లో చుక్కలు వేశారు గనక అదొక్కటే అయింది. సరే, అట్రోపిన్ తాగినవాడి నోరెలా ఉంటుందో చెప్పు."

ఇన్‌స్పెక్టర్ ఆ చీటీ మళ్ళీ చదువుకున్నాడు.

"ఎండిపోతుంది. నాలుక అంగిలికి అంటుకుపోతుంది. ఇప్పుడు ఈ దిండు చూడు. ఈ బకెట్టు చూడు."

చూశాడు. కొంచెం తగ్గాడు గానీ ఓడిపోవడానికి మనసొప్పలేదు. "మరి సీసా ఎలా ఖాళీ అయింది?"

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. "ఆయన చెయ్యి విసిరితే మంచం కిందికి దొర్లింది బాబూ. మూత తీసుంది, మొత్తం చాప మీదే పోయింది. మీరు గ్లాసు సంగతే అడిగారు. సీసా సంగతి అడగలేదు."

టీచరమ్మ పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, ఆవిడ చెయ్యి పట్టుకుని గుమ్మం మీదే కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది.

"బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండమ్మా. జ్వరం రాకముందు, మొట్టమొదట ఆయన ఏమన్నారు?"

"కుడికంటి చుట్టూ తిమ్మిరిగా ఉందన్నారు. బుగ్గ మీద చీమలు పాకుతున్నట్టు ఉందని ఒకటే గోక్కునేవారు. కుట్లు మానుతున్నాయేమోలే అనుకున్నాం."

"ఈమధ్య కుక్క గానీ, మరేదైనా జంతువు గానీ..."

"ఆపరేషనయ్యాక ఆయన మేడ దిగితేగా! అంతకుముందు కూడా దుకాణం, ఇల్లు, అంతే. కుక్క కరిస్తే నాకు చెప్పకుండా ఉంటారా?"

"అదేమిటి టీచర్ గారూ," ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు, "రేబిస్ అంటారా? కాటు లేకుండా రేబిసా? చోద్యంగా ఉందే!"

"ఆ పాఠం చెప్పిన రోజు నువ్వు బళ్ళో లేవు. ఇప్పుడు విను."

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడ గొంతులోకి ఆ పాత తీరు వచ్చేసింది. ఎదురుగా నల్లబల్ల లేదు, అంతే తేడా.

"దానికి కావాల్సింది కాటు కాదు, నరం. వైరస్ అంటే మనలాగా బతికే పురుగు కాదు. తనలాంటివి ఎలా తయారుచెయ్యాలో చెప్పే కాస్త జన్యుపదార్థం, దాని చుట్టూ ప్రోటీన్ పొర, అంతే. బయట వదిలేస్తే తినదు, పెరగదు, పిల్లల్ని పెట్టదు. ఏదో ఒక కణం లోపలికి రానివ్వాలి. కణం పైన తాళంలా ఉండే గ్రాహకానికి దీని పొర మీది ముల్లు అతికిందంటే, కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది. లోపలికెళ్ళి పొర విప్పేస్తుంది. ఇక పరాయివాళ్ళ వంటింట్లో దూరి వంటమనిషికి తన చీటీ అందించినట్టే. వంటమనిషి ఇంటివాళ్ళ సంగతి మర్చిపోయి ఆ చీటీలో ఉన్నదే వండుతూ కూర్చుంటుంది. ఒకటి వందలై బయటపడి పక్క కణాల మీద పడతాయి."

"అన్ని వైరస్‌లూ ఇంతేనా?"

"పని తీరు ఇంతే. దూరే తలుపులు వేరు. జలుబుది ముక్కులో దూరుతుంది. కామెర్లది కాలేయంలో దూరుతుంది. రేబిస్‌ది నరంలో దూరుతుంది. రక్తంలో తిరిగితే ఒంట్లో కాపలా కణాలు పట్టుకునేవి. ఇది రక్తం జోలికి పోదు. నరం వెంబడే, రోజుకి కొంచెం కొంచెం, మెదడుకి చేరుతుంది. కాలి దగ్గర దూరితే నెలలు పట్టొచ్చు. మొహం దగ్గరైతే వారాలు. దూరిన చోటే మొదట తిమ్మిరి కనిపిస్తుంది. పెద్దాయనకి తిమ్మిరి కాలికి రాలేదు, చేతికి రాలేదు. కుడికంటి చుట్టూ వచ్చింది."

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "కంట్లోకి ఎవరు పెట్టినట్టు?"

"డాక్టర్లే. మంచి చెయ్యబోయి పెట్టారు. కార్నియా నిండా సన్నటి నరాలే. చనిపోయినవాడికి రేబిస్ ఉంటే, అది అతుకుతో పాటు వచ్చేస్తుంది." ఆవిడ పెద్దావిడ వైపు తిరిగింది. "మెదడుకి చేరాక మింగబోతే గొంతు కండరాలు పట్టేస్తాయమ్మా. నీళ్ళు కనిపించినా పట్టేస్తాయి. గాలి తగిలినా అంతే. ఆయన తోసింది కోడల్ని కాదు. నీళ్ళని."

పెద్దావిడ గదిలోకి, ఆ మంచం వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అయితే ఆయనకి దాహం వేసిందా టీచరమ్మా? మూడు రోజులూ దాహంతోనే ఉన్నారా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్తే ఎవరికీ నష్టం లేదు. కానీ అంతకాలం పాఠాలు చెప్పిన నాలుకకి అబద్ధం తిరగలేదు.

"అవునమ్మా," అంది.

ఆవిడ గుమ్మానికి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకుని గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

*

పదకొండింటికి స్టేషన్లో కోడలు బల్ల మీద ఒదిగి కూర్చుని ఉంది. మణికట్టుకి ఇంటిదగ్గర చుట్టుకున్న గుడ్డ ఇంకా అలాగే ఉంది.

"మామయ్యగారు నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదండీ," అంది టీచరమ్మని చూడగానే. "ఆ రోజు అంత మాట ఎందుకన్నారో తెలియదు. నేనేం తప్పు చేశానో చెప్పకుండానే వెళ్ళిపోయారు."

"నువ్వేం తప్పు చెయ్యలేదు తల్లీ. ఆ చెయ్యి చూపించు. ఎవరైనా కడిగారా? మందేమైనా వేశారా?"

"లేదండీ. ఫొటోలు తీశారు."

టీచరమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. ఆవిడకి అంత కోపం రావడం అతను స్కూల్లో కూడా చూడలేదు.

"నీకు సాక్ష్యంగా కనబడింది ఈ గాటు! పెద్దాయన ఉమ్ములో వైరస్ ఉంది. పళ్ళు దిగాయి. ఏడు రోజులైంది. మణికట్టు నుంచి మెదడు దాకా ఇంకా దూరం ఉంది గనక సరిపోయింది. ఇప్పుడు టీకా వేస్తే ఒంట్లో వైరస్‌ని పట్టే ప్రతిరక్షకాలు తయారై, దానికంటే ముందు నిలబడతాయి. అవి తయారయ్యేలోగా కాపాడటానికి గాటు చుట్టూ సీరం ఎక్కించాలి. లక్షణం ఒక్కటి కనిపించిందా, ఇక టీకా దండగ. బాగుపడిన వాళ్ళు లెక్కకి కూడా రారు. నాలుగింటికి కోర్టు అంటున్నావు. నాకు కోర్టు అక్కర్లేదు. ఈ పిల్ల ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి."

"ముద్దాయిని కోర్టుకి కాకుండా ఆస్పత్రికి పంపితే పైవాళ్ళు నా తాట తీస్తారు మేడమ్. మీ దగ్గరున్నది ఊహ. రుజువేది?"

"రుజువు మార్చురీ ఫ్రిజ్‌లో ఉంది. పోస్ట్‌మార్టంలో మెదడు ముక్క తీసి దాచారు. విషం వెతకమని రాశావు గనక విషమే వెతికారు. రేబిస్ వెతకమని ఒక్క ముక్క రాయి. మూడు గంటల్లో తేలిపోతుంది."

"లేదని తేలితే?"

"నన్ను లోపలెయ్యి. కానీ పిల్లని మాత్రం ఇప్పుడే పంపు. తేలేదాకా ఆగితే, తేలాక నువ్వెవరికి జవాబు చెప్తావు?"

ఇన్‌స్పెక్టర్ కోడలి చేతి వైపు చూశాడు. ఆ అమ్మాయి ఏదీ సరిగ్గా అర్థం కాక ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. అతను కలం తీసి రెండు కాగితాలు రాశాడు. ఒకటి మార్చురీకి, ఒకటి ఆస్పత్రికి. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

ఒంటిగంటా నలభైకి కోడలికి సీరం, మొదటి టీకా పడ్డాయి. ఉమ్ముతో తడిసిన గలీబు ముట్టుకున్న పెద్దావిడకి కూడా టీకా వేయించారు. రెండూ ఇరవైకి పోస్ట్‌మార్టం డాక్టరు ఫోన్ చేశాడు.

"మీరన్నది నిజమే టీచర్ గారూ. మెదడు ముక్క మీద రంగు కలిపిన ప్రతిరక్షకం వేసి చూశాను. మైక్రోస్కోపు కింద వైరస్ ఉన్నచోటల్లా ఆకుపచ్చ చుక్కలు. ఒకటీ రెండూ కాదు, నిండా ఉన్నాయి. మొదటే నేను అనుమానించాల్సింది." ఆయన గొంతు బరువుగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌కి చెవి ఆనించి అంతా విన్నాడు. కోర్టు గుమస్తాకి ఒక కబురు పంపాడు. తర్వాత జీపు పక్కన నిలబడి, "అయితే ముద్దాయి లేడన్నమాట," అన్నాడు. "పగ లేదు, మోటివ్ లేదు."

"ఆ వైరస్‌కి బుద్ధే లేదు, పగెక్కడిది? కానీ రేబిస్‌తో పోయిన మనిషి కళ్ళు దానానికి ఎలా ఒప్పుకున్నారు, అది మనుషుల పని. అదొకటి. రెండోది, మనిషికి కళ్ళు రెండు నాయనా. కుడిది మన పెద్దాయనకి వచ్చింది."

ఇన్‌స్పెక్టర్ ఆవిడ వైపు చూశాడు. "ఎడమది?"

"ఎవరికి వెళ్ళిందో వాళ్ళకి కూడా ఇవాళ ముప్పై ఆరో రోజు."

*

కళ్ళ బ్యాంకు పెద్దాస్పత్రి కింది అంతస్తులో ఓ చిన్న గది. ఫ్రిజ్, బల్ల, బీరువా, గోడ మీద అచ్చువేసిన నిబంధనల కాగితం. నలభై ఏళ్ళ టెక్నీషియన్ ఒకామె కార్నియా సీసాలకి చీటీలు అంటిస్తోంది. చెయ్యి ఆపకుండానే వాళ్ళు చెప్పింది విన్నది. వినేసరికి చీటీ వంకరగా అంటుకుంది.

"మా రికార్డులన్నీ సరిగ్గానే ఉంటాయి సార్," అని రిజిస్టరు తెరిచింది. "దాత ఇళ్ళకి రంగులు వేసే పెయింటర్. ఇరవై ఆరేళ్ళు. మరణ కారణం, గుండె ఆగడం."

"గుండె ఆగకుండా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా మీ రిజిస్టర్లో?" అంది టీచరమ్మ.

ఇన్‌స్పెక్టర్ పై వార్డు నుంచి పెయింటర్ కేసు షీటు తెప్పించాడు. అందులో ఆరు వరసలున్నాయి. జ్వరం. ఎడమకాలు చచ్చుబడటం. తర్వాత రెండో కాలు. మింగలేకపోవడం. కారణం తెలియని మెదడువాపు. చిట్టచివరి వరసలో, గుండె ఆగి మరణం. ఎక్కడా కేకలు లేవు, నీళ్ళ భయం లేదు. ఒక్కోసారి రేబిస్ అలా చప్పుడు చెయ్యకుండా కూడా వస్తుంది, అప్పుడు డాక్టర్లు కూడా పోల్చుకోలేరు. ఈ ఆరు వరసల్లో ఆఖరిది ఒక్కటే కళ్ళ బ్యాంకు ఫారంలోకి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ బయటికెళ్ళి పెయింటర్ భార్యకి ఫోన్ చేసి రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "చనిపోవడానికి రెండు నెలల ముందు, పనిచేసే చోట కుక్కపిల్ల కాలి మీద గీరిందట. చిన్న గీతేగా అని కడిగేసుకుని ఊరుకున్నాడట. ఆస్పత్రిలో ఎవరూ అడగలేదంది." కాస్త ఆగాడు. "ఆయన కళ్ళు పెట్టుకున్నవాళ్ళు బాగున్నారా అని అడిగింది మేడమ్. నేనేం చెప్పలేకపోయాను."

టీచరమ్మ గోడ మీది కాగితం చదువుతోంది. పైనుంచి మూడో నిబంధన: కారణం తెలియని మెదడువాపుతో మరణించినవారి కళ్ళు స్వీకరించరాదు. ఆ కాగితం టెక్నీషియన్ కుర్చీకి ఎదురుగానే ఉంది.

"కళ్ళు కావాల్సినవాళ్ళ జాబితా ఇవ్వమ్మా."

"అది పెద్ద డాక్టరుగారి అనుమతి లేకుండా..."

"ఇవ్వు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

జాబితా వచ్చింది. టీచరమ్మ వేలు వరసల వెంబడి నడిచింది. "ఆ రోజు వంతు పదహారో నంబరుది. అది గడియారాల పెద్దాయన. కుడికన్ను ఆయనకే వెళ్ళింది, సరిగ్గా ఉంది. ఎడమది పదిహేడో నంబరుకి వెళ్ళాలి. నలభై రెండుకి వెళ్ళింది. మధ్యలో ఇరవై అయిదు మంది ఏమయ్యారు?"

"ఫోన్లు చేస్తే దొరకలేదు మేడమ్."

"ఇరవై అయిదు మందీనా?"

"ఎంత తీసుకున్నావ్?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "ఎవరిచ్చారు?"

టెక్నీషియన్ అడ్డంగా తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. టీచరమ్మ నలభై రెండో నంబరు పక్కన రాసి ఉన్నది నెమ్మదిగా చదివింది. వయసు పదమూడు. బాలిక. చిరునామా చదవగానే అతన్ని ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆస్పత్రి సిబ్బంది క్వార్టర్సు.

"ఈ పాప నీకేమవుతుందమ్మా?" అని అడిగింది. గొంతులో గద్దింపు లేదు.

టెక్నీషియన్ కుర్చీలో కూలబడింది.

"మా అమ్మాయి మేడమ్. చిన్నప్పుడు కంటికి దెబ్బ తగిలి పొర తెల్లబడిపోయింది. నాలుగేళ్ళ నుంచి చూస్తున్నాను. రోజూ ఎవరెవరికో సీసాలు అందిస్తాను, దానికి మాత్రం వంతు రాదు. వచ్చేవన్నీ ముసలివాళ్ళ కళ్ళు. ఇరవై ఆరేళ్ళవాడి కన్ను, అద్దంలా ఉంది మేడమ్. మళ్ళీ ఎప్పుడొస్తుంది అలాంటిది?"

"కేసు షీటు చదివావా?"

ఆమె రిజిస్టరు మూసేసింది.

"చదివాను. మెదడువాపు అని చదివాను. మెదడువాపులన్నీ అంటుకునేవి కావు కదా అనుకున్నాను. గుండె ఆగిందని రాస్తే అబద్ధం కాదు కదా అనుకున్నాను. ఎడమది వాడి కుడిది పారేస్తే ఎందుకు పారేశావని అడుగుతారు. అందుకని కుడిది ఆయనకి పంపాను. వెళ్తూ వెళ్తూ ఆ తాతగారు ఇక్కడికొచ్చి నాకు దణ్ణం పెట్టారు మేడమ్."

పొద్దుట్నుంచీ ఒక ముద్దాయి కావాలని తిరిగిన ఇన్‌స్పెక్టర్, తీరా ఎదురుగా దొరికేసరికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టీచరమ్మ ఈమె మీద కోప్పడాలి. పెద్దావిడ తరఫున, దాహంతో పోయిన పెద్దాయన తరఫున కోప్పడాలి. కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. దాన్ని మింగుకుని అసలు అడగాల్సింది అడిగింది.

"పాప ఇప్పుడెలా ఉంది?"

"బాగుంది మేడమ్. బళ్ళో ఉంది." ఆమె కళ్ళు తుడుచుకుంది. అంత దుఃఖంలోనూ మొహం కొంచెం విచ్చుకుంది. "మొదటి బెంచీ మానేసి వెనక బెంచీలో కూర్చుంటోంది. అక్కడ్నుంచి కూడా బోర్డు కనబడుతోందని వచ్చి చెప్పింది. జ్వరం లేదు, ఏమీ లేదు. పొద్దున..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే తన ఎడమ బుగ్గ మీదికి వెళ్ళింది.

"పొద్దున జడ వేస్తుంటే ఈ బుగ్గ తిమ్మిరెక్కింది అంది. రాత్రంతా అటే తిరిగి పడుకున్నావులే అన్నాను."

ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే వినబడుతోంది. టెక్నీషియన్ ఇన్‌స్పెక్టర్ మొహంలోకి చూసింది, అక్కడేమీ దొరక్క టీచరమ్మ మొహంలోకి చూసింది.

"ఆ కోడలమ్మాయికి టీకా వేయించామన్నారుగా మేడమ్. మా దానికీ వేయిస్తే సరిపోతుంది కదా? ఇప్పుడే వేయిద్దాం. సరిపోతుంది కదా?"

ఇరవై రెండేళ్ళలో ఏ పిల్ల ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పకుండా వదల్లేదు టీచరమ్మ. తెలియకపోతే తెలియదని, రేపు చదివొచ్చి చెప్తానని అనేది. ఈ ప్రశ్నకి జవాబు ఆవిడకి తెలుసు. పొద్దున స్టేషన్లో ఇన్‌స్పెక్టర్‌కి తనే చెప్పింది. అతనికీ గుర్తుంది కాబోలు, టోపీ పెట్టుకుని జీపు తియ్యడానికి పరుగున బయటికి వెళ్ళిపోయాడు.

టీచరమ్మ వంగి టెక్నీషియన్ రెండు చేతులూ పట్టుకుని కుర్చీలోంచి లేపింది.

"పదమ్మా, ముందు బడికి వెళ్దాం," అంది. "ఇంకో పావుగంటలో వదిలేస్తారు."